గోడమింద సుద్దగీతలు

నా వ్యానుకు ముందర రెండు దీపాలుండేవి.
లైట్లు అనేదానికి నోరు రాదు.
అద్దం పసుపుబట్టి, ముసిలావు కంటిపొర మాదిరి,
భాకరాపేట ఘాట్లో తెల్లారుజామున మూడింటికి
వెలుగు బానెట్టు దిగి నాలుగు బారలు నడిచి
అలిసిపొయ్యి రోడ్డుమిందే కూసునేది.

వెనక చామంతి మూటలు. పక్కన దేశమ్మ,
పూల లెక్కా ఆకూవక్కా ఒకే నోట్లో నములుతా.
"మలుపొచ్చిందా?"
"వాసనొచ్చింది. మలుపూ వస్తాది."
అబద్ధం కాదు.
అడివిమల్లె మలుపు, ఊటనీళ్ళు కారే మలుపు,
లారీ పడి ఏడాదైనా డీజలు కంపు వదలని మలుపు.
పదకొండేండ్లు ముక్కుతోనే తోలినా.

శ్రావణంలో పూలకు ధర లేచి
చేతిలో నాలుగు దుడ్లు ఆడినప్పుడు
తిరుపతిలో, రేణిగుంట రోడ్డు అంగట్లో
పెట్టెమింద పులిబొమ్మ ఉండే ఎల్‌ఈడీలు కొన్నా.
మూడువేల రెండొందలు. బేరమాడితే రెండువేల ఎనిమిదొందలు.
"కొండంతా కనపడతాది అన్నా" అన్నాడు అంగడి పిల్లోడు.

నిజమే, కొండే కనపడింది.
రోడ్డు తప్ప అన్నీ కనపడినాయి.
చెట్ల కొసల్లో గువ్వలకు ముందే తెల్లారిపొయ్యింది.
ఒక కోతి మొగానికి చెయ్యి అడ్డం పెట్టుకోని
నన్ను ఏందో అనింది.
భాష తెలీకపోయినా తిట్టు తెలుస్తాది కదా.
నాకు మాత్రం పెండ్లికొడుకంత మిడిమేలం,
వారం దినాలు ఘాటంతా మా తాతదే అన్నట్టు తోలినా.

ఎనిమిదో దినం, రంగంపేట దగ్గర,
ఎదురుగా ఒక టీవీయస్సు.
అటొక పాలక్యాను, ఇటొక పాలక్యాను, మధ్యలో మనిషి.
నా వెలుగు తగలంగానే
హ్యాండిలు వదిలేసి ఒక చెయ్యి మొగానికి పెట్టుకున్నాడు.
కోతి మాదిరే.
బండి కంపల్లోకి పొయ్యింది.
రోడ్డంతా పాలు.
నా లైట్లలో ఆ పాలు ఎంత తెల్లగా ఉన్నాయో
నేను చెప్పలేను.

మనిషికేం కాలే. మోచెయ్యి గీరుకునింది.
ముండ్లు పెరుక్కుంటా "ఏ ఊరు నాయనా మీది?" అని అడిగినాడు.
తిట్టలే.
తిట్టుంటే బాగుండు.
దేశమ్మ దిగి చెంగు చించి కట్టింది.
పాల దుడ్లు నేనిచ్చినా, తీసుకోను తీసుకోనంటానే తీసుకున్నాడు.
వ్యానెక్కి చంద్రగిరి దాకా ఆమె నోరు తెరవలే.
ఆమాటికి ఉమ్మి, అనింది:
"రెండువేల ఎనిమిదొందలు పోసి
వానికి చీకటి కొనిచ్చినావే!"

గౌసు మొహిద్దీన్ షెడ్డుకు పోతే
బానెట్టెత్తి, వైరు గిల్లి, వాసన చూసినాడు.
"కండ్లు మంచియే. నరాలే సన్నం.
బ్యాట్రీ కాడ పన్నెండు బయల్దేరితే
బల్బు కాడికి తొమ్మిదే చేరతా ఉండాయి."
మిగతా మూడూ యాడికి పోతాయని అడిగినా.
"దారి ఖర్చు" అన్నాడు.

లావు వైరేసినాడు. రిలే పెట్టినాడు.
తుప్పు గీకి ఎర్తు బిగించినాడు.
పండ్లు తోముకునే పేస్టుతో అద్దాన్ని
ఇంకో మనిషి పండ్ల మాదిరి తోమినాడు.
మామూలు పసుపు బల్బులే. అంతా కలిపి ఆరొందల యాభై.
"పులి లేదే" అన్నా.
"మంచులో పులి నీ మిందికే తిరుక్కుంటాది" అన్నాడు, నవ్వకుండా.

పొద్దు మునిగినంక వ్యాను గోడకెదురుగా నిలిపి
సుద్దతో రెండు నిలువు గీతలు, పైన ఒక అడ్డగీత గీసి
స్క్రూడ్రైవరు రొవంత రొవంత తిప్పతా
వెలుగును గీత కిందికి దించినాడు,
నిద్రపొయ్యే బిడ్డ తలకాయ
దిండుమింద పెట్టినట్టు.

ఇప్పుడు మలుపు ముందొస్తాది, వాసన తర్వాత.
దేశమ్మ ఘాట్లో నిద్రపోతా ఉండాది, ఇన్నేండ్లకు.
టీవీయస్సు ఎదురైతే డిమ్మేస్తా.
ఆయన చెయ్యెత్తుతాడు,
మొగానికి కాదు.

మొన్న ఆయిలు మార్చేదానికి పోతే
గౌసు గోడమింద ఇంకో నిలువుగీత చేరింది.
పిల్లోళ్ళు వికెట్లు చేసుకున్నారు.
సందవేళ,
సరిగ్గా నా లైట్ల ఎత్తుకు తగిలింది బాలు.
"ఔట్!" అని ఒకడు ఎగిరినాడు.
బ్యాటు పట్టినోడు కదల్లే.
"యాడ ఔటురా,
నాకు బాలే కనపళ్ళే."